బరంపురం నుంచి ఏథెన్స్: అక్రోపొలిస్ గుట్ట ఎలా చూడాలి

ఏథెన్స్‌లో రెండు రోజులే ఉన్నా, మొదటి రోజు పొద్దుట ప్రాచీన గ్రీకు గుడులున్న అక్రోపొలిస్ గుట్టకే ఇవ్వండి. ఆ గుట్ట చూశాక మిగతా ఊరు దానంతటదే అర్థమవుతుంది.

ముందు కాగితాలు. గ్రీసు వెళ్లడానికి కావలసిన షెంగెన్ వీసాకు (చాలా యూరప్ దేశాల ఉమ్మడి వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా చేయాలి. పెద్దవాళ్లకు రుసుము 90 యూరోలు. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగువాళ్లకు చిక్కు ఎక్కువగా పేరు దగ్గర వస్తుంది. ఇంటిపేరు ఒక కాగితంలో ముందుంటుంది, ఇంకో దాంట్లో వెనక. ఒక చోట ఇనీషియల్, ఇంకో చోట పూర్తి పేరు. విమానం టికెట్, బీమా, హోటల్ బుకింగ్ అన్నీ పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఒడియాలో ఉన్న భూమి పత్రాలు, ధ్రువపత్రాలు జతచేస్తే ఇంగ్లీషు అనువాదం చేయించండి.

గుట్ట టికెట్టును గ్రీకు ప్రభుత్వ సైట్‌లోనే, గంట ఎంచుకుని కొనాలి. 2025 ఏప్రిల్ నుంచి ధర 30 యూరోలు. రాసి ఉన్న సమయానికి పావుగంట ముందు నుంచి పావుగంట తర్వాత వరకే లోపలికి వదులుతారు. నవంబరు నుంచి మార్చి దాకా ప్రతి నెలా మొదటి ఆదివారం ఉచితం, కానీ రద్దీ ఉంటుంది. పొద్దున్న 8 గంటల స్లాట్ దొరికితే వదలొద్దు. మెట్రోలో అక్రోపొలి స్టేషన్‌లో దిగి, పడమటి పెద్ద ద్వారానికి కాకుండా దగ్గర్లోనే ఉన్న ఆగ్నేయపు గేటుకు వెళ్లండి. పర్యాటక బస్సుల గుంపులు ఎక్కువగా పడమటి వైపే వస్తాయి. ఇటు నుంచి ఎక్కితే దారిలోనే డయోనైసస్ నాటకశాల తగులుతుంది. ప్రాచీన గ్రీకు నాటకకర్తలు సోఫోక్లీజ్, యురిపిడీజ్ నాటకాలు ఆడింది అక్కడే. టికెట్ అదే, వేరే కొనక్కర్లేదు.

ఎండ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మన దగ్గర ఉక్కపోతలో ఒళ్లంతా తడిసి, దాహం వెంటనే తెలుస్తుంది. ఏథెన్స్ వేసవిలో గాలి పొడిగా ఉంటుంది. చెమట పట్టిన క్షణానే ఆరిపోతుంది, ఒంట్లో నీళ్లు తగ్గిన సంగతి తల తిరిగేదాకా తెలియదు. పైన నీడ దాదాపు లేదు. మనిషికి లీటరు నీళ్లు, టోపీ ఉండాలి. ఎండ మరీ ముదిరిన రోజుల్లో మధ్యాహ్నం గుట్ట మూసేస్తారు. రాళ్లేమో శతాబ్దాలుగా జనం నడిచి అద్దంలా నున్నబడ్డాయి. హవాయి చెప్పులు జారతాయి, హీల్స్ వేసుకుంటే రానివ్వరు. రబ్బరు అడుగు ఉన్న బూట్లే వేసుకోండి. చక్రాల కుర్చీ వాడేవాళ్లకు ఉత్తరం వైపు లిఫ్టు ఉంది.

పైకి చేరాక పార్థెనాన్ ముందు ఫొటో తీసుకుని కదిలిపోవద్దు. క్రీ.పూ. 447లో మొదలైన ఈ గుడికి మెట్ల మూల దగ్గర నిలబడి, కళ్లు అంచు ఎత్తుకు దించి, పొడవునా చూడండి. తిన్నగా ఉందనుకున్న గీత మధ్యలో ఉబ్బి ఉంటుంది: పొడుగు వైపు సుమారు 11 సెంటీమీటర్లు, పొట్టి వైపు 6. తర్వాత స్తంభాల రంగు చూడండి. పాత రాయి తేనె రంగు, కొత్తగా అతికించిన ముక్క తెలుపు. రెండూ ఏథెన్స్ దగ్గరి పెంటెలి కొండ రాయే. కోణార్కలో పడి ఉన్న ఇనుప దూలాలు చూసినవాళ్లు ఇక్కడి ఇనుము కథను ఇట్టే పట్టుకుంటారు. ప్రాచీన గ్రీకు పనివాళ్లు రాళ్లను ఇనుప బిగింపులతో కలిపి, చుట్టూ సీసం పోశారు, తుప్పు పట్టలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మరమ్మతు చేసినవాళ్లు సీసం వదిలేశారు. ఇనుము తుప్పుపట్టి ఉబ్బింది, రాయి పగిలింది. ఇప్పుడు వాటిని తీసి టైటానియం వేస్తున్నారు. మధ్యభాగం కూలింది మాత్రం 1687లో, లోపల దాచిన తుపాకి మందు మీద వెనిస్ సేన గుండు పడి.

ఎండ ఎక్కే వేళకు దిగి కింద మ్యూజియంలోకి వెళ్లిపోండి. 2009లో తెరిచిన ఆ భవనం పై అంతస్తు పార్థెనాన్ దిక్కుకే తిరిగి ఉంటుంది. శిల్పాల వరుసలో తెల్లగా మెరిసేవి నకళ్లు. వాటి అసలువి చాలావరకు లండన్‌లో ఉన్నాయి. స్త్రీ రూపంలో చెక్కిన కన్యాస్తంభాలు ఆరింటిలో అయిదు ఇక్కడే ఉన్నాయి. గుట్టమీద ఉన్నవి నకళ్లు. మ్యూజియంలోని అసలు స్తంభాల వెనక్కి వెళ్లి జడలు చూడండి, ఒక్కో దానికి జడ వేరుగా చెక్కారు.

శాకాహారులు రెండు మాటలు నేర్చుకోవాలి. ‘నిస్తీసిమో’ అంటే ఉపవాస భోజనం, అందులో మాంసం, పాలు, గుడ్లు ఉండవు. అయితే రొయ్య, స్క్విడ్ ఉండొచ్చు, అడగండి. ‘హోరిస్ క్రేయాస్’ అంటే మాంసం లేకుండా. అక్కడ ‘నే’ అంటే అవును, ‘ఓహి’ అంటే కాదు. తల పైకెత్తి ‘చ్’ అన్నా కాదనే. బరంపురం అప్పడాలు, ఆవకాయ విమానంలో చెక్-ఇన్ చేసే పెట్టెలో పెట్టండి. నెయ్యి, కోవా, పాల మిఠాయిలు యూరప్‌లోకి తేనివ్వరు. కుళాయి నీళ్లు తాగొచ్చు.

ఎయిర్‌పోర్టు మెట్రోకు మామూలు టికెట్ చెల్లదు, వేరే కొనాలి. టికెట్ లేకుండా పట్టుబడితే పెద్ద జరిమానా. మొనాస్తిరాకి, ఒమోనియా స్టేషన్లలో జేబుదొంగలు ఉంటారు, పాస్‌పోర్టు లోపలి జేబులోనే ఉంచుకోండి.