బొమ్మను అంకెల్లో చదవడం – 3వ పాఠం: వెలుగు, రంగు గాఢత

గత పాఠంలో వర్ణచిత్రాల ఫొటోలు పోగుచేసి, ఒక్కోదానికి చిత్రకారుడు, సంవత్సరం, ఫొటో ఎక్కడిదీ రాసుకున్నాం. ఈసారి ఆ పట్టికలో సగటు వెలుగు, సగటు గాఢత (రంగు ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె) చేరుద్దాం.

ముందు చట్రం, గోడ, పక్కన పెట్టిన రంగుల పట్టీ ఉంటే కత్తిరించేయండి. బూడిదరంగు అంచు కొంచెం మిగిలినా గాఢత పడిపోతుంది. తర్వాత పొడవాటి వైపు 512 పిక్సెళ్లకు కుదించండి.

ఆర్‌జీబీ (ప్రతి పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతో చెప్పే) అంకెలకు నేరుగా సగటు తీయకండి. అందులో రెండు రంగుల అంకెల మధ్య దూరాలు కంటికి తోచే తేడాలతో సరిపోలవు. 1976లో సీఐఈ (వెలుగు, రంగుల కొలతలకు ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) నిర్ణయించిన ల్యాబ్ పద్ధతి ఆ విషయంలో చాలా మెరుగు: ఎల్ వెలుగు (0–100), ఏ ఆకుపచ్చ నుంచి ఎరుపు, బీ నీలం నుంచి పసుపు.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఓపెన్‌సీవీకి (బొమ్మలపై లెక్కలు చేసే ప్రోగ్రామింగ్ లైబ్రరీ) 8 బిట్ల బొమ్మ, అంటే అంకెలు 0–255 మధ్య ఉండే బొమ్మ ఇస్తే ఎల్‌ను 0–255కి సాగదీసి, ఏ, బీలకు 128 కలుపుతుంది. అలా వదిలేస్తే ఏ రంగూ లేని బూడిదకి కూడా గాఢత 181 వస్తుంది! 255తో భాగించి, ఫ్లోట్32కి (32 బిట్ల దశాంశ సంఖ్యలకు) మార్చి ఇవ్వండి; 64 బిట్ల ఫ్లోట్64 అయితే తీసుకోదు. ఓపెన్‌సీవీ బొమ్మను బీజీఆర్ (నీలం, ఆకుపచ్చ, ఎరుపు) వరుసలో చదువుతుందనీ మరవకండి. వరుస తారుమారైతే ఆకాశం నారింజ రంగుకు తిరుగుతుంది.

గాఢత అంటే ఏ, బీల వర్గాల మొత్తానికి వర్గమూలం. దీన్ని ప్రతి పిక్సెల్‌కూ లెక్కించాకే సగటు తీయాలి. సగం బొమ్మలో ఏ +40, మిగతా సగంలో −40, బీ అంతటా 0 అనుకోండి. ముందే సగటు తీస్తే గాఢత సున్నా, తర్వాత తీస్తే 40. ఎరుపూ ఆకుపచ్చా ఢీకొనే చిత్రాన్ని మొదటి లెక్క బూడిదగా చూపిస్తుంది. చిత్రకారుడు కావాలని పెట్టిన ఘర్షణే అందులో మాయమవుతుంది.

అంకె సరిగ్గా వచ్చినా తొందరపడొద్దు. డచ్ చిత్రకారుడు వాన్‌గో 1888లో వేసిన ‘పడకగది’ చిత్రంలోని గోడలు ఇప్పుడు నీలంగా కనిపిస్తాయి. ఆయన వేసింది లేత ఊదా. అందులోని ఎరుపు వెలిసిపోయింది. మన లెక్క కొలిచేది ఈనాటి గుడ్డను, అదీ ఎవరో తీసిన ఫొటోలో.

అభ్యాసం: ఒకే చిత్రానికి రెండు చోట్ల దొరికిన ఫొటోలు తీసుకుని రెండింటికీ లెక్క కట్టండి. అలాంటి జతలు పది చేయండి. ఇద్దరు చిత్రకారుల మధ్య తేడా ఈ జతల్లోని తేడాను మించకపోతే, దాన్ని శైలీభేదం అని రాయకండి.