సెలినిటీ రీడింగ్ పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి

విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద తరచూ వినిపించే మాట: "పొద్దున 15 పీపీటీ చూపించింది, మధ్యాహ్నానికి 12. మీటర్ పోయినట్టుంది."

పోలేదు, ఎండకు కాగింది. (పీపీటీ అంటే కిలో నీళ్లలో ఎన్ని గ్రాముల ఉప్పుందో ఆ లెక్క.) సెలినిటీ, అంటే నీళ్లలో ఉప్పు, చూసే ఈ మీటర్ పేరు రిఫ్రాక్టోమీటర్. ఇది నేరుగా ఉప్పును కొలవదు. నీళ్లు కాంతిని ఎంత వంచుతాయో చెప్పే వక్రీభవన గుణకాన్ని పట్టుకుని, దాన్ని ఉప్పు లెక్కలో చూపిస్తుంది. 20 డిగ్రీల దగ్గర మంచినీళ్లకు అది 1.333, 35 పీపీటీ సముద్రపు నీళ్లకు 1.339. తేడా అంతా మూడో దశాంశంలోనే! ఈ గుణకం ముఖ్యంగా రెండింటిని బట్టి ఉంటుంది: అణువులు ఎంత దట్టంగా ఉన్నాయి, కాంతి తగిలితే వాటి ఎలక్ట్రాన్లు ఎంత తేలిగ్గా కదులుతాయి. ఉప్పు కలిస్తే గుణకం పెరుగుతుంది. వేడెక్కితే నీళ్లు వ్యాకోచించి అణువులు పలచబడతాయి కాబట్టి తగ్గుతుంది. డిగ్రీకి సుమారు 0.0001, అంటే దాదాపు అర పీపీటీ. గట్టు మీద ఎండలో పడేసిన మీటర్ పది డిగ్రీలు ఎక్కువ కాగితే ఐదు పీపీటీ మాయమైనట్టే. గుంట నీళ్లు చల్లగానే ఉన్నాయిగా అంటే కుదరదు. మీటర్ గాజు మీద వేసేది ఒక్క చుక్క, గాజు వేడి దానికి ఇట్టే పట్టేస్తుంది.

ఏటీసీ (వేడి తేడాను మీటరే సర్దుకునే ఏర్పాటు) ఉందిగా అంటారా? చాలా మీటర్లలో అది 10 నుంచి 30 డిగ్రీల వరకే. మన నెల్లూరు మే నెలకు ఏం చాలుతుంది!

అందుకని మీటర్‌నూ డిస్టిల్డ్ వాటర్‌నూ నీడలో ఒకేచోట ఉంచి, రెండూ ఒకే వేడికి వచ్చాక సున్నా సెట్ చేయండి. బోరు నీళ్లతో సున్నా పెట్టొద్దు. గుంట నీళ్ల చుక్క వేశాక అర నిమిషం ఆగి చూడండి. మరీ ఆలస్యం చేస్తే నీరు ఆవిరై రీడింగ్ పెరుగుతుంది.

మీటర్‌లోకి చూస్తే రీడింగ్ చూపించే గీత మసగ్గా ఉంటే బురద నీళ్లో, తుడవని గాజో కారణం. నీళ్లు వడకట్టి, గాజు మెత్తటి గుడ్డతో తుడిస్తే సరి. గీత అంచున కొంచెం రంగులు కనిపించినా భయం లేదు. నీలం కాంతికి గుణకం ఎరుపు కంటే కాస్త ఎక్కువ, అంతే.

బెల్లం చల్లాక రీడింగ్ పెరిగిందనే అనుమానం మాత్రం వదిలేయండి. చక్కెర గుణకాన్ని పెంచే మాట నిజమే, కానీ మీటరు లోతున్న ఎకరం గుంటలో 40 లక్షల లీటర్లుంటాయి. ఇరవై కిలోల బెల్లం అందులో లీటరుకు 5 మిల్లీగ్రాములే.

ఒకటి రెండు పీపీటీల బోరు నీళ్లకైతే అసలు ఈ మీటర్ వాడకండి. స్కేల్‌లో ఒక్కో గీతే ఒక పీపీటీ. నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో కొలిచే కండక్టివిటీ మీటర్‌తో చూసుకోండి.