సూడోమోనాస్ వేసినా మొక్కలు వడలిపోతున్నాయా? చెన్నై మిద్దె తోటలకు సమస్య - పరిష్కారం

చెన్నైలో మిద్దె తోట పెంచే తెలుగువారి ఇళ్లలో ఇప్పుడు వేప పిండి సంచి పక్కన సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ అనే బాక్టీరియాను టాల్కం పొడిలో కలిపి అమ్మే పొట్లం కూడా కనిపిస్తోంది. ఈ బాక్టీరియా వేళ్ల చుట్టూ స్థిరపడి, మట్టిలోని ఇనుమును తెగులు శిలీంద్రాలకు అందకుండా పట్టి ఉంచుతుంది, వాటిని అణిచే పదార్థాలను విడుదల చేస్తుంది, మొక్క సొంత రక్షణ శక్తిని కూడా పెంచుతుంది. ఇవన్నీ తెగులు లోపలికి చొరబడకముందు జరగవలసిన పనులు. అందుచేత దీన్ని మందుగా కాక ముందు జాగ్రత్తగా చూడాలి.

సమస్య: పొడి వేసినా తేడా ఏమీ కనిపించడం లేదు

చాలా సందర్భాల్లో బాక్టీరియా వేరును చేరకముందే చనిపోయి ఉంటుంది. బాసిల్లస్ సబ్టిలిస్ అనే మరో మేలు చేసే బాక్టీరియా గట్టి సిద్ధబీజాలుగా మారి వేడిని, ఎండుదనాన్ని తట్టుకుంటుంది కాని, సూడోమోనాస్‌కు ఆ వెసులుబాటు లేదు. మే నెలలో రేకుల కప్పు కింద ఉన్న దుకాణంలో కొన్ని వారాలు పడి ఉన్న పొట్లంలో మిగిలేది చాలావరకు టాల్కం పొడి మాత్రమే, పైగా చచ్చిన పొడికీ బతికిన పొడికీ రంగులో తేడా ఉండదు. కాబట్టి గడువు తేదీ కంటే తయారీ తేదీని ముందుగా చూసి, 3, 4 నెలల లోపుదే కొనాలి. ఇంట్లో నీడగా, చల్లగా ఉన్న చోట ఉంచాలి. వేసవికి బాసిల్లస్‌ను ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం.

రెండో కారణం నీరు. కుళాయి నీటిలోని క్లోరిన్ బాక్టీరియాకు హాని చేస్తుంది. ఆ నీటిని మూత లేని బకెట్లో రాత్రంతా ఉంచి, మరుసటి రోజు సాయంత్రం లీటరుకు 5 నుంచి 10 గ్రాముల పొడి కలిపి, ముందే తడిపిన మట్టిలో పోయాలి. మధ్యాహ్నపు ఎండలో కాలిపోతున్న కుండీలో పోస్తే శ్రమ వృథా. ఉత్త కొబ్బరి పొట్టులో బాక్టీరియాకు ఆహారం తక్కువ కనుక, బాగా చివికిన పశువుల ఎరువులో పొడి కలిపి వేయడం ఇంకా మంచిది.

సమస్య: ఆకులు పచ్చగా ఉండగానే టమాటా, వంగ మొక్కలు వాలిపోతున్నాయి

కాండాన్ని నేలకు దగ్గరగా కోసి, కోసిన చివరను గాజు గ్లాసులోని శుభ్రమైన నీటిలో ముంచి పట్టుకోవాలి. కొన్ని నిమిషాల్లో పాలవంటి తెల్లని ధార దిగితే అది రాల్‌స్టోనియా వల్ల వచ్చే బాక్టీరియా ఎండు తెగులు. (దీన్ని కూడా ఒకప్పుడు సూడోమోనాస్ ప్రజాతిలోనే చేర్చేవారు.) ఈ దశలో ఏ పొడీ మొక్కను బతికించదు. మొక్కను మట్టితో సహా తీసివేయాలి, కంపోస్టులో వేయకూడదు, ఆ మట్టిలో మిరప, బంగాళాదుంప కూడా పెట్టకూడదు. తరువాతి విడతకు బెంగళూరు దగ్గరి హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క రక్షక్ వంటి తట్టుకునే టమాటా రకాన్ని గాని, ఇక్కడ సుండక్కాయ్ అని అమ్మే ఉస్తికాయ మొక్క మీద అంటుకట్టిన వంగను గాని పెట్టుకోవచ్చు.

ధార దిగకుండా కాండం లోపల గోధుమ రంగు గీతలు ఉంటే ఫ్యుజేరియం శిలీంద్రాన్ని అనుమానించాలి. వేళ్ల మీద బుడిపెలు ఉంటే నులిపురుగులు పట్టినట్టు. అవి చేసిన గాయాల గుండానే తెగుళ్లు సులువుగా దూరుతాయి కాబట్టి వేప పిండి కూడా అవసరమవుతుంది.

సమస్య: నారు మొదలు దగ్గర కుళ్లి పడిపోతోంది

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల వానల్లో ఇది ఎక్కువ. పిథియం వంటి జీవులు నీరు నిలిచిన చోట విజృంభిస్తాయి. నారు ట్రేలను వాన పడని చోటికి మార్చి, అడుగు రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో చూడాలి. విత్తనం కిలోకు 10 గ్రాముల పొడి పట్టించాలన్నది పొలం లెక్క. ఇంట్లో గుప్పెడు గింజలకు చిటికెడు చాలు.

సమస్య: మొదట బాగుండి, తరువాత తెగులు తిరిగి వచ్చింది

మధ్యలో కాపర్ ఆక్సీక్లోరైడ్ గాని, స్ట్రెప్టోమైసిన్ ఉన్న మందు గాని వాడారేమో గుర్తు చేసుకోండి. అవి మంచి బాక్టీరియాను కూడా చంపుతాయి. వాటి తరువాత కనీసం 10, 15 రోజులు ఆగి పొడిని మళ్లీ వేయాలి.

సమస్య: ఆకుల అంచులు మాడుతున్నాయి, లేదా ఆకులు ముడుచుకుంటున్నాయి

సముద్రానికి దగ్గరి పేటల్లో బోరు నీటి ఉప్పు వల్ల అంచులు మాడి, కుండీ మట్టి మీద తెల్లని పొర కడుతుంది. వాన నీటితో మట్టిని కడగాలి. టమాటా ఆకు ముడతకు తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ కారణమైతే పసుపు జిగురు అట్టలు పెట్టి దోమను అదుపు చేయాలి, ముడుచుకున్న మొక్కను తీసివేయాలి.