ఫైబర్ సిమెంట్ బోర్డు కోసే బ్లేడుతో ఇబ్బందులు: సమస్య - పరిష్కారం

గోడకు బయటివైపు బిగించే ఫైబర్ సిమెంట్ బోర్డు పైకి చెక్క పలకలాగే కనిపిస్తుంది. చాలావాటిమీద చెక్క చారలు కూడా అచ్చుపోసి ఉంటాయి. లోపలున్నది మాత్రం సిమెంటు, ఇసుక, వాటిని పట్టి ఉంచే సెల్యులోజ్ నార. చెక్క బ్లేడుతో కోస్తే ఇసుక దాని పళ్లను తినేస్తుంది. రాయి కోసే బ్లేడుతో కోస్తే బోర్డు తెగే బదులు అరిగి పొడైపోతుంది. ఈ పనిలో వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మొదలు ఈ రెండు తప్పులే. అందుకే మెషీన్‌ని అనుమానించే ముందు బ్లేడు చూడండి, దాని పళ్లు లెక్కపెట్టండి.

కొత్త బ్లేడు కొద్దిసేపటికే మొద్దుబారిపోతోంది

బ్లేడు విప్పి ఒక పన్నును వెలుతురులో పట్టి చూడండి. పన్ను మూల పదునుగా, కోణం తేలి ఉండాలి. ఆ మూల గుండ్రంగా అరిగి సన్నగా మెరుస్తుంటే అది చెక్క కోసే మామూలు కార్బైడ్ (పళ్లకు పెట్టే గట్టి లోహ పదార్థం) బ్లేడు అయ్యుంటుంది. 24, 40 పళ్లున్న బ్లేడు చెక్కకు ఎంత బాగున్నా ఇక్కడ పనికిరాదు. ఒకసారి సిమెంటు కోశాక తిరిగి చెక్కకు వాడినా శుభ్రంగా తెగదు.

ఈ పనికి సరైనది పాలీక్రిస్టలైన్ డైమండ్, అంటే వజ్రపు నలుసులు అతికించి చేసిన పళ్లున్న బ్లేడు. షాపులో పీసీడీ బ్లేడు అని, ఫైబర్ సిమెంట్‌కి అని అడగాలి. 7¼ అంగుళాల, అంటే దాదాపు 184 మిల్లీమీటర్ల బ్లేడుకు 4 లేదా 6 పళ్లే ఉంటాయి. 10, 12 అంగుళాల వాటికైనా సాధారణంగా 6 నుంచి 8. ఇంత తక్కువ పళ్లు చూసి ఇది నాసిరకం బ్లేడేమో అనుకోవద్దు, ఈ పనికి అలాగే ఉండాలి. ధర కార్బైడ్ బ్లేడుకు కొన్ని రెట్లు ఉంటుంది, మన్నిక అంతకన్నా ఎక్కువ. ఇల్లంతా బోర్డు వేసేవాళ్లు ఇంకో ఆలోచన లేకుండా ఇదే కొనాలి. రెండు మూడు బోర్డులు కోసి వదిలేసే పనైతే ఫైబర్ సిమెంట్ కోసమే చేసిన, తక్కువ పళ్ల కార్బైడ్ బ్లేడు సరిపోతుంది.

పొడి గాల్లో లేచి నిలబడిపోతోంది

అన్నిటికన్నా ముందు సరిచేసుకోవాల్సింది ఇదే. పళ్లు ఎక్కువైతే ఒక్కో పన్ను కొరికే ముక్క చిన్నదవుతుంది. అంచంతా సాఫీగా, పళ్లే లేకుండా ఉండే టైల్ డైమండ్ బ్లేడు అయితే బోర్డును కొరకదు, అరగదీస్తుంది. దాన్ని యాంగిల్ గ్రైండర్‌కో మార్బుల్ కట్టర్‌కో బిగించి పొడిగా కోస్తే మనిషి కనపడనంత దుమ్ము లేస్తుంది. నాలుగు పళ్ల పీసీడీ బ్లేడు కింద చాలావరకు రవ్వలాంటి ముతక పొడి పడుతుంది, గాల్లోకి లేచేది తగ్గుతుంది. అలాగని దుమ్ము అసలు లేవదని కాదు.

ఈ దుమ్ములో ఇసుక నుంచి వచ్చే స్ఫటిక సిలికా ఉంటుంది. కంటికి కనిపించే పొడి కన్నా కనిపించని నలుసులే ప్రమాదం, అవి ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లి అక్కడే ఉండిపోతాయి. వాటివల్ల వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు నయం కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ సిలికా దుమ్మును క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది. అమెరికాలో కార్మిక భద్రతా సంస్థ ఓషా 8 గంటల పనిలో సగటున ఘనపు మీటరు గాలికి 50 మైక్రోగ్రాములు దాటకూడదని నియమం పెట్టింది. ఒక గ్రాములో పది లక్షల మైక్రోగ్రాములుంటాయి, అంటే ఎంత తక్కువో చూడండి.

పరిష్కారం ఒక్క బ్లేడుతో అయిపోదు. కోత ఆరుబయటే పెట్టుకోండి, గాలి దుమ్మును మీ నుంచి, పక్కన పనిచేసేవాళ్ల నుంచి అవతలికి తీసుకెళ్లేలా నిలబడండి. దుమ్ము పీల్చే తొడుగున్న సర్క్యులర్ సా (గుండ్రటి బ్లేడున్న కరెంటు రంపం) తీసుకుని, సన్న నలుసుల్ని కూడా పట్టే హెపా ఫిల్టర్ వాక్యూమ్‌కి కలపండి. ముఖానికి ఎన్95 లేదా అంతకన్నా మంచి మాస్కు పెట్టుకోండి, చుట్టూ సందు లేకుండా అతుక్కోవాలి. గడ్డం ఉంటే అతుక్కోదు. ముక్కుకు చేతిరుమాలు కట్టుకుంటే ఈ నలుసులు ఆగవు. పనయ్యాక పొడి చీపురుతో ఊడ్చినా, బ్లోయర్‌తో ఊదినా కింద పడ్డదంతా మళ్లీ గాల్లోకి లేస్తుంది. నీళ్లు చిలకరించి ఎత్తండి, లేదా వాక్యూమ్ వాడండి. అయితే దుమ్ము అణుగుతుందని మామూలు కరెంటు మెషీన్‌తో కోస్తూ నీళ్లు పోయడం మాత్రం ఎప్పుడూ చేయకండి, షాక్ కొడుతుంది.

నిలువు, అడ్డ కోతలే ఉంటే ఫైబర్ సిమెంట్ కత్తెర మెషీన్‌తో దుమ్ము చాలా తక్కువ. పలచని బోర్డును కార్బైడ్ మొన కత్తితో లోతుగా గీసి విరవవచ్చు కూడా.

అంచు పెచ్చులూడుతోంది

మొదట, బోర్డు ఏ వైపు పైకి పెట్టారో చూడండి. చేత్తో నడిపే సర్క్యులర్ సా పళ్లు కింద నుంచి పైకి వస్తాయి కాబట్టి పెచ్చులు పైముఖానే లేస్తాయి. అందుకని బయటికి కనిపించే ముఖం కిందికి పెట్టి కోయాలి. పైనుంచి కిందికి దించి కోసే మైటర్ సా, బల్లలోంచి బ్లేడు పైకి వచ్చే టేబుల్ సాలతో ఇది తిరగబడుతుంది, మంచి ముఖం పైకి ఉండాలి.

ముఖం సరిగ్గానే పెట్టినా పెచ్చులు లేస్తుంటే ఆధారం చూడండి. ఈ బోర్డులు పొడవుగా, ఊగుతూ ఉంటాయి. కోతకు రెండు వైపులా ఆనిక లేకపోతే చివరి అంగుళం తెగకుండానే విరిగిపోతుంది, మూల పోతుంది. తడిసిన బోర్డు అంచు కూడా మెత్తబడి ఊడుతుంది. ఆరాకే కోయండి.

మెషీన్ మూలుగుతోంది, కోత మధ్యలో ఆగుతోంది

బోర్డు మధ్యలో కుంగి బ్లేడును నొక్కుతూ ఉండొచ్చు, ఆనికలు మార్చండి. లోతు ఎక్కువ పెట్టినా ఇంతే. బోర్డు మందం మీద 5, 6 మిల్లీమీటర్లు బయటికొస్తే చాలు. బలంగా తోయకుండా మెషీన్ వేగానికే వదలండి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా మూలుగు ఆగకపోతే మోటారు గాలి రంధ్రాల్లో సిమెంటు పొడి చేరి ఉంటుంది. ప్లగ్ తీసి వాక్యూమ్‌తో లాగండి.

పీసీడీ పన్ను ఊడిపోయింది

మేకు తగిలింది. ఈ పళ్లు రాపిడికి ఎంత గట్టివో దెబ్బకు అంత పెళుసు. బిగించిన బోర్డును కోయాల్సి వస్తే దారిలో ఉన్న మేకులు, స్క్రూలు ముందే పీకేయండి. బ్లేడును నేలమీద పడేయకండి, పక్కకు తిప్పి కొట్టకండి. ఒక పన్ను పోయినా ఆ బ్లేడు పక్కన పెట్టాల్సిందే. ఉన్నవే నాలుగు కాబట్టి మిగతా వాటిమీద భారం పడి తూకం తప్పుతుంది.

బ్లేడు కూర్చోవడం లేదు, లేదా వణుకుతోంది

మధ్య రంధ్రం మెషీన్ ఇరుసుకు సరిపోలేదు. 7¼ అంగుళాల బ్లేడుకు కొన్ని దేశాల్లో 15.88 మిల్లీమీటర్ల రంధ్రం, మరికొన్ని చోట్ల 20 లేదా 30 ఉంటుంది. కంపెనీ బుష్‌తో (రంధ్రంలో వేసే రింగు) సరిపెట్టుకోవచ్చు, టేపు చుట్టి బిగించడం మాత్రం ప్రాణాంతకం. బ్లేడు మీద రాసి ఉన్న గరిష్ఠ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) కూడా మెషీన్ వేగం కన్నా ఎక్కువుండాలి. సర్క్యులర్ సా సుమారు 5,000 నుంచి 6,000 దాకా తిరుగుతుంది, చిన్న యాంగిల్ గ్రైండర్ 10,000 దాటుతుంది. పళ్లున్న సా బ్లేడును గ్రైండర్‌కి ఎన్నడూ బిగించవద్దు. వేగానికి పన్ను ఎగిరిరావచ్చు, బ్లేడు పట్టేసుకుంటే గ్రైండర్ చేతిలోంచి మనిషి మీదికే తిరుగుతుంది.

వంపు తిరగడం లేదు

గుండ్రటి బ్లేడుతో ప్రయత్నించకండి. జిగ్ సాకు (సన్నటి నిలువు బ్లేడు పైకీ కిందికీ ఆడే రంపం) కార్బైడ్ రవ్వ అంచున్న బ్లేడు వేసి నెమ్మదిగా నడపండి. పైపు వెళ్లే రంధ్రాలకైతే డ్రిల్లుకు బిగించే గిన్నెలాంటి కార్బైడ్ హోల్ సా.