యూఐ టెస్ట్‌కి యాప్ లోపలి లెక్క తెలియాలంటే

కార్ట్‌లో మూడు వస్తువులు వేశాను. స్క్రీన్ మీద 3 కనిపిస్తోంది, యూఐ టెస్ట్ (మనిషిలా స్క్రీన్‌ని నొక్కి యాప్‌ని సరిచూసే కోడ్) మాత్రం సున్నా అంటోంది. రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది, తప్పు నాదేనని. ఐఓఎస్ యాప్‌లోని కార్ట్ ఫైల్‌ని యూఐ టెస్ట్ టార్గెట్‌లో (టెస్ట్ కోడ్‌ని విడిగా బిల్డ్ చేసే భాగంలో) కూడా కలిపేశాను. కంపైల్ అయింది కదా, పని చేస్తుందనుకున్నా. కానీ ఆపిల్ వాళ్ల యూఐ టెస్ట్ సాధనం ఎక్స్‌సీయూఐటెస్ట్‌లో టెస్ట్ ఒక ప్రాసెస్ (విడిగా నడిచే ప్రోగ్రామ్), యాప్ ఇంకో ప్రాసెస్. ఒకదాని మెమరీ రెండోదానికి అందదు. నేను అన్నాళ్లూ చూసింది టెస్ట్ ప్రాసెస్‌లో కొత్తగా పుట్టిన ఖాళీ కార్ట్‌ని!

అందుకే ఇప్పుడు లోపలి సంగతి యాప్ చేతే చెప్పిస్తున్నాను.

ముందుగా, టెస్ట్ నడుస్తోందని యాప్‌కి తెలియాలి. టెస్ట్‌లో లాంచ్ పిలవకముందే లాంచ్‌ఆర్గ్యుమెంట్స్‌లో (యాప్ తెరుచుకునేటప్పుడు దానికి అందే పదాల జాబితాలో) మీ సొంత ఫ్లాగ్, అంటే గుర్తుగా ఒక పదం, చేర్చండి. తర్వాత చేరిస్తే ఆ లాంచ్‌కి లాభం లేదు. యాప్ వైపు, ఆ జాబితాని అందించే ప్రాసెస్‌ఇన్ఫోలో ఆ ఫ్లాగ్ ఉందో లేదో చూసుకోవాలి.

ఫ్లాగ్ ఉంటే, స్క్రీన్ మూలన చిన్న లేబుల్ ఒకటి పెట్టండి. దానికి యాక్సెసిబిలిటీ ఐడెంటిఫయర్ (టెస్ట్ వెతుక్కునే పేరు) ఇచ్చి, కార్ట్ మారినప్పుడల్లా కొత్త సంఖ్యను యాక్సెసిబిలిటీ వాల్యూలో రాయండి. టెస్ట్ ఆ ఐడెంటిఫయర్‌తో లేబుల్‌ని పట్టుకుని వాల్యూ చదువుతుంది. లేబుల్ కనిపించకూడదని హిడెన్ చేయకండి, అప్పుడు టెస్ట్‌కీ కనిపించదు. (ఇదీ స్వానుభవమే.) ఐడెంటిఫయర్‌ని వాయిస్‌ఓవర్ (చూపు లేనివారికి స్క్రీన్‌ని చదివి వినిపించే ఐఓఎస్ సదుపాయం) చదవదు కానీ వాల్యూని పైకి చదివేస్తుంది. కాబట్టి ఈ కోడ్ మొత్తం డీబగ్ బిల్డ్‌కే (వాడుకరులకు వెళ్లని, డెవలపర్ల కోసం చేసే యాప్ రూపానికే) పరిమితం చేయండి.

సంఖ్య వెంటనే మారకపోవచ్చు. అలాగని టెస్ట్‌ని ఊరికే ఆపే స్లీప్ రెండు సెకన్లు పెట్టకండి. మీ మెషీన్‌లో పాసై, బిల్డ్ సర్వర్‌లో ఫెయిలై టెన్షన్ పెడుతుంది. వాల్యూ 3 అయ్యేదాకా ఆగమని ప్రెడికేట్ ఎక్స్‌పెక్టేషన్‌కి (ఒక షరతు నిజమయ్యేదాకా వేచి చూసే సాధనానికి) చెప్పి, గరిష్ఠ గడువు ఇవ్వండి.

ఆండ్రాయిడ్‌లో యూఐ టెస్ట్‌లకి ఎస్ప్రెస్సో లైబ్రరీ వాడేవాళ్లకి ఇంత తిప్పలు లేదు. టెస్ట్ యాప్ ప్రాసెస్‌లోనే నడుస్తుంది, యాక్టివిటీసినారియో (టెస్ట్‌లో యాప్ స్క్రీన్‌ని నడిపించే క్లాస్) లోని ఆన్‌యాక్టివిటీ ద్వారా నేరుగా ఆబ్జెక్ట్‌నే అడగొచ్చు. కానీ అన్నీ లోపలి నుంచే చూస్తే, స్క్రీన్ మీద తప్పు అంకె పడినా టెస్ట్ పాసైపోతుంది. అందుకే అక్కడ కూడా నేను స్క్రీన్ మీది అంకెనీ లోపలి అంకెనీ విడివిడిగా సరిచూస్తాను.