ఏడీహెచ్‌డీ అనుమానం ఉన్నప్పుడు కంప్యూటర్ శ్రద్ధ పరీక్షను ఎలా ఉపయోగించుకోవాలి

ఏడీహెచ్‌డీ (శ్రద్ధ లోపం, అతి చురుకుదనం సమస్య) ఉందేమోనని హనుమకొండలో మానసిక వైద్యులు మీ పిల్లవాడికి కంప్యూటర్‌పై శ్రద్ధ పరీక్ష రాసిస్తే, ముందుగా అది ఏ పరీక్షో అడిగి తెలుసుకోండి. కానర్స్ సీపీటీ అనే పరీక్ష మూడో రూపంలో, 8 ఏళ్లు నిండినవారు సుమారు 14 నిమిషాల పాటు, ఎక్స్ తప్ప తెరపై కనిపించే ప్రతి అక్షరానికీ మీట నొక్కాలి. టోవా అనే మరో పరీక్షలో అక్షరాలకు బదులు చతురస్రాలు ఉంటాయి కనుక, ఇంగ్లిష్ అక్షరాలు ఇంకా పట్టుబడని తెలుగు మాధ్యమం పిల్లలకు అదే నయమని నా అభిప్రాయం.

పరీక్ష ఉదయం పూట పెట్టించుకోండి. ములుగు నుంచో నర్సంపేట నుంచో తెల్లవారుజామునే బస్సెక్కి, నిద్ర చాలకుండా, ఏమీ తినకుండా వచ్చిన పిల్లవాడి తప్పుల్లో అలసట ఎంతో, అసలు లోపం ఎంతో విడదీయడం కష్టం. కళ్లద్దాలుంటే తప్పక తేవాలి. మందులు వాడుతుంటే ఆ పూట వేయాలా వద్దా అన్నది వైద్యులే చెప్పాలి. మీ అంతట మీరు ఆపవద్దు.

రిపోర్టులోని అంకెలు అదే వయసువారితో పోల్చి ఇచ్చినవి. కానర్స్‌లో సగటు 50. చాలా కొలతల్లో 60 దాటితే ఇబ్బంది ఉన్నట్టు. టోవాలో సగటు 100, అక్కడ అంకె తగ్గితేనే ఇబ్బంది. ఈ తేడా తెలియక కంగారుపడేవారున్నారు. అన్నిటికన్నా ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది ఈ పరీక్షల కచ్చితత్వం మధ్యస్థమేనన్న సంగతి: ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు కొందరు ప్రశాంతమైన గదిలో, కొత్త ఆటలా తోచిన పనిలో చక్కగా రాణిస్తారు, ఆందోళన, నిద్రలేమి, చదువులో వెనుకబాటు ఉన్నవారు ఏడీహెచ్‌డీ లేకున్నా తప్పులు చేస్తారు. కాబట్టి రిపోర్టు బాగుందని చికిత్స మానుకోవద్దు, బాగాలేదని ముద్ర వేయవద్దు.

నిర్ధారణకు ఆధారం జీవితంలోని లక్షణాలే. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 ప్రకారం, శ్రద్ధ లోపానికి 9, అతి చురుకుదనం-తొందరపాటుకు 9 లక్షణాలున్నాయి; వీటిలో కనీసం ఒక వర్గంలో పిల్లలకు కనీసం 6, 17 ఏళ్లు, ఆపైవారికి 5, ఆరు నెలలుగా, ఇంట్లోనూ బడిలోనూ వంటి రెండు చోట్ల ఉండాలి; కొన్ని 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి. అందుకే టీచర్ రాసిచ్చిన నాలుగు మాటలు, సగంలో వదిలేసిన నోటుపుస్తకాలు వెంట తీసుకెళ్లండి. చిన్నపిల్లల్లో చంచలత్వం వయసుకు సహజం కావడంతో యంత్రం అంకెలను మరింత జాగ్రత్తగా చూడాలి. పెద్దవారిలో పైకి కనిపించే కదలిక తగ్గి మరపు, వాయిదాలు మిగులుతాయి. వారు పాత ప్రోగ్రెస్ కార్డులతో పాటు, చిన్ననాటి సంగతులు చెప్పగల అమ్మనో అక్కనో వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి.