ఆదివారం ఒక్క పూట వండి ఫ్రీజర్ నింపుకోవడం: మా బెజవాడ ఇంటి పద్ధతి

గుంటూరులో ఆఫీసు వదిలేసరికి ఆరవుతుంది, బస్సు దొరికి, మంగళగిరి, తాడేపల్లి దాటి, వారధి మీద ట్రాఫిక్‌లో కూర్చుని ఇల్లు చేరేసరికి ఏడున్నర. అప్పుడు కూరగాయలు తరిగి, కుక్కర్ పెట్టి, తొమ్మిదింటికి పిల్లలకు అన్నం పెట్టడం ఏడాది పాటు చేశాను, ఆపైన నా వల్ల కాలేదు. వారానికి మూడు రోజులు బయట నుంచి బిర్యానీలు, నూడుల్స్ తెప్పించుకునే దాకా వచ్చాక ఆదివారం పొద్దున మూడు గంటలు కూర్చుని ఫ్రీజర్ నింపడం మొదలుపెట్టాను. నాకు కుదరడానికి నాలుగైదు నెలలు పట్టింది. మీకు అంత పట్టక్కర్లేదు.

ముందు అసలు సంగతి చెప్తా. తాలింపుతో సహా పూర్తిగా వండేసి, పెట్టేసి, నెల తర్వాత వేడిచేస్తే మా ఇంట్లో ఎవరూ ముట్టలేదు. ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ, వీటి ఘుమఘుమ అప్పటికప్పుడు ఉండేదే, డబ్బాలో దాచుకునేది కాదు. కాబట్టి వలవడం, తరగడం, ఉడకబెట్టడం అంతా ఆదివారం చేసేయండి, తాలింపు మాత్రం తినే పూట వేయండి, ఐదు నిమిషాల పని. మా అత్తయ్య మొదట్లో "చద్దన్నం తిని పెరిగినవాళ్ళమే గానీ, పక్షం నాటి పప్పు ఎప్పుడూ ఎరగనమ్మా" అని దీర్ఘం తీశారు. ఒకరోజు చెప్పకుండా గోంగూర పప్పు పెట్టా, రెండోసారి అడిగి వేయించుకున్నారు, ఆ మాట మళ్ళీ అనలేదు.

పప్పుతోనే మొదలుపెట్టండి, ఎందుకంటే ఫ్రీజర్‌లో పప్పంత బాగా నిలిచేది మన వంటల్లో ఇంకోటి లేదు. మా నలుగురికి మూడు నీళ్ళ గ్లాసుల కందిపప్పు నాలుగు పూటలకు వస్తుంది. అరగంట నానబెట్టి, ఐదు లీటర్ల కుక్కర్‌లో చిటికెడు పసుపు, చెంచా నూనె వేసి ఉడికించండి. నీళ్ళతో కలిపి కుక్కర్ సగానికి మించకూడదు, మించితే పొంగి విజిల్ దగ్గర ఇరుక్కుంటుంది. ఉప్పు ఇప్పుడు వద్దు. మెత్తగా మెదిపి నాలుగు భాగాలు చేసుకోండి. ఒక భాగంలోకి నాలుగు చిన్న కట్టల గోంగూర, ఆకులు వలిచి కడిగి, ఐదారు పచ్చిమిర్చి, ఒక ఉల్లిపాయతో విడిగా మగ్గబెట్టి కలపండి (పులుపు తగిలితే పప్పు తొందరగా ఉడకదు, అందుకే విడిగా). మామూలు రోజుల్లో మనం గోంగూర జోలికి పోనిది ఆకు వలిచే ఓపిక లేకే, ఆ పని ఆదివారం టీవీ ముందు కూర్చుని, పిల్లల్ని కూడా కూర్చోబెట్టి వలిచేయొచ్చు. రెండో భాగంలో టమాటా. మిగతా రెండూ ఉత్తి పప్పే: ఒకటి పప్పుచారుకి, ఒకటి దోసకాయ పప్పుకి. దోసకాయ ముక్కలు మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకండి, నీరు కారి పీచైపోతాయి, ఆ రోజే ముక్కలు ఉడికించి అందులో పప్పు గడ్డ వేసేయడమే.

తినే రోజు గిన్నెలో గ్లాసుడు వేడినీళ్ళు పోసి గడ్డను సన్న మంట మీద పెట్టండి. గడ్డకట్టిన పప్పు కరిగాక చిక్కబడుతుంది, నీళ్ళు పడతాయి. అంచుల్లో బుడగలొస్తే చాలదు, మధ్యలో కూడా తుకతుకమని ఉడకాలి. అప్పుడు ఉప్పు, ఆ తర్వాత వెల్లుల్లి దంచి తాలింపు.

కూరల సంగతికొస్తే, కిలో ఉల్లిపాయలు, కిలో టమాటాలు, అల్లం వెల్లుల్లి వేసి బాగా మగ్గనిచ్చిన గుజ్జు ఐదారు చిన్న డబ్బాల్లో ఉంటే వారంలో సగం గండం గట్టెక్కినట్టే. శనగలు వేస్తే శనగల కూర, పనీర్ వేస్తే పనీర్ కూర, పొద్దున కొట్టులో తెచ్చిన చికెన్ వేస్తే కోడికూర. చింతపండు గుజ్జు, పచ్చి కొబ్బరి కోరు, అల్లం వెల్లుల్లి ముద్ద ఐస్ ట్రేలో పోసి, గడ్డకట్టాక ముక్కలు కవర్లో వేసేసుకోండి. ట్రేకి వెల్లుల్లి వాసన పట్టేస్తుంది, దానికి వేరే ట్రే పెట్టుకోకపోతే ఎండాకాలం నిమ్మరసంలో వెల్లుల్లి తాగాల్సి వస్తుంది, మేం తాగాం.

బఠాణీలు చలికాలంలో పటమట రైతు బజార్లో చవగ్గా దొరికినప్పుడు రెండు మూడు కిలోలు తెచ్చి వలిచి పెట్టుకుంటాను. పచ్చివి పచ్చిగానే పెట్టేస్తే కొన్ని వారాలకే రంగు, రుచి పోతాయి, ఎందుకంటే కాయలోని ఎంజైములు ఆ చలిలో కూడా మెల్లగా పని చేస్తూనే ఉంటాయి. మరిగే నీళ్ళలో బఠాణీలైతే రెండు నిమిషాలు, బీన్స్, కాలీఫ్లవర్ అయితే మూడు నిమిషాలు ఉంచి, తీసి వెంటనే ఐస్ నీళ్ళలో వేసి, బట్ట మీద తడి ఆర్చండి. పళ్ళెంలో పలచగా పరిచి గంటా రెండు గంటలు ఫ్రీజర్‌లో ఉంచి, గట్టిపడ్డాక కవర్లోకి మార్చండి, అప్పుడు ముద్దకట్టకుండా గుప్పెడు కావాలంటే గుప్పెడే వస్తాయి.

టిఫిన్లకు ఇడ్లీలు ఆవిరి మీద వండి, చల్లార్చి పెట్టుకోవడమే మేలు, పిండి ఫ్రీజర్‌లో పెడితే పులుపు పట్టించే గుణం తగ్గి తర్వాత సరిగ్గా పొంగదు. గడ్డకట్టిన ఇడ్లీని నేరుగా ఇడ్లీ పాత్రలో పది నిమిషాలు పెడితే చాలు. పెసరట్టు పిండికి ఆ బాధ లేదు, పులియబెట్టేది కాదు కాబట్టి. చపాతీలు రెండు వైపులా సగం కాల్చి మధ్యలో బటర్ పేపర్ పెట్టుకుంటే పిల్లల క్యారేజీకి పనికొస్తాయి.

పెట్టకూడనివి: బంగాళాదుంప ముక్కలున్న కూర (ఒకసారి కుర్మా అంతా ఇసుకలా అయిపోయింది), ఉడికించిన గుడ్లు, మజ్జిగ పులుసు, ఏ వేపుడైనా. చేపల పులుసు నేను పెట్టను, అది మర్నాటికి ఎలాగూ మిగలదు.

ఇక్కడ కాస్త ఆగండి, మన ఊరి ఎండకు ఇది ముఖ్యం. వండినది బల్ల మీద వదిలేసి నిద్రపోతే సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటికి అనువైన వేడి 5 నుంచి 60 డిగ్రీల మధ్య. సాధారణంగా రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి, గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటే గడువు, మే నెలలో మన వంటింట్లో 32 లోపు ఎప్పుడుంటుంది? పెద్ద గిన్నెతో అలాగే వదిలేస్తే లోపల గంటలకొద్దీ వెచ్చగానే ఉంటుంది. వెడల్పు పళ్ళేల్లో రెండంగుళాలకు మించకుండా పోసి, ఆ పళ్ళేలను చల్లనీళ్ళ టబ్బులో పెట్టి ఫ్యాను వేయండి, అరగంటలో చల్లబడుతుంది. అన్నం విషయంలో మరీ జాగ్రత్త, ఉడికించినా చావని సూక్ష్మజీవులు అందులో ఉంటాయి, నేనైతే అన్నం అసలు పెట్టను, కుక్కర్లో పావుగంట పనే కదా.

డబ్బాలు కొత్తవి కొనాల్సిన పని లేదు, మూత గట్టిగా పట్టే స్టీల్ డబ్బాలు బాగుంటాయి. నీళ్ళు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి కాబట్టి పైన అంగుళం ఖాళీ వదలండి, నేను వదలకుండా పచ్చడి సీసాలో చారు పోసి పెడితే సీసా నిలువునా పగిలింది. జిప్ కవర్లో అయితే పుస్తకంలా పలచగా పరిచి పెట్టండి, తొందరగా కరుగుతుంది. ప్రతిదాని మీద టేపు అంటించి పేరు, తేదీ రాయాల్సిందే. గడ్డకట్టాక గోంగూర పప్పు, పాలకూర పప్పు ఒక్కలాగే ఉంటాయి, అత్తయ్య కూడా గుర్తుపట్టలేరు. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల్లో ఉంటే వండినవి రెండు మూడు నెలలు రుచిగా ఉంటాయి. మా పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో రెండు వారాలకు మించి నేను నమ్మలేదు. ఒకసారి బయట కరిగిపోయినదాన్ని మళ్ళీ లోపల పెట్టొద్దు, అందుకే పూటకు సరిపడా చిన్న డబ్బాలు.

ఇందులో ఇంకో లాభం ఉంది. మన గుంటూరు పచ్చళ్ళు ఏడాదంతా నిలవుండాలంటే ఉప్పు, నూనె ధారాళంగా పోయాలి. ఇక్కడ నిలవుంచే పని చలి చేస్తుంది కాబట్టి ఉప్పు, నూనె ఎంత తగ్గించినా చెడిపోదు. మా మామయ్యకు బీపీ, ఆయనది ఉప్పు వేయకముందే గిన్నెలోకి తీసేస్తాను.

చివరిగా కరెంటు. గాలివాన వచ్చి కరెంటు పోతే తలుపు తెరవకండి, నిండా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం ఉన్నది 24 గంటలు చలి పట్టి ఉంచుతుంది. ఊరెళ్ళేటప్పుడు గ్లాసులో నీళ్ళు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ళ పెట్టి వెళ్ళండి. వచ్చి చూస్తే బిళ్ళ పైనే ఉందా, భయం లేదు. అడుగుకు దిగిపోయి ఉంటే మధ్యలో అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టినట్టు, అప్పుడు అందులో చికెన్ ఉన్నా సరే, ఎంత పెట్టి కొన్నారో గుర్తు చేసుకోకుండా పారేయండి.